సముద్రం రొయ్యా, చెరువు రొయ్యా? ఒక కిడ్నీ రోగి ఆహారంలో తేలిన లెక్క

రోగి వయసు 58. పశ్చిమ గోదావరి డెల్టాలో సొంత చెరువులున్న ఆక్వా రైతు. చాలా ఏళ్లుగా బీపీ, దానికి రెండు రకాల మాత్రలు. బరువు 70 కిలోలు. నెఫ్రాలజిస్టు పంపిన చీటీలో కిడ్నీ జబ్బు 3ఎ దశ అని, ఇ.జి.ఎఫ్.ఆర్. (కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే అంకె) యాభైల్లో ఉందని, మూత్రంలో ప్రొటీన్ కొద్దిగా పోతోందని రాసి ఉంది. పొటాషియం మామూలుగానే ఉంది. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డిఎల్ ఎక్కువగా ఉండటంతో దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర కొత్తగా మొదలుపెట్టారు. ఉప్పు తగ్గించే ఆహారం చెప్పమని డైటీషియన్‌నైన నాకు పంపారు. చీటీలో రొయ్య మాటే లేదు.

ఆ మాట ఆయనే తెచ్చారు. చెరువు రొయ్య మందుల రొయ్యని, సముద్రం రొయ్యలోనే బలం ఉంటుందని బంధువులెవరో చెప్పారట. అప్పట్నుంచి సొంత చెరువులో రొయ్యల పట్టుబడి జరిగినా ఇంట్లోకి ఒక్క కిలో కూడా రానివ్వడం లేదు. "పెంచేదీ మేమే, తినడానికి భయపడేదీ మేమేనండి. ఆయ్, నవ్వకండి మేడమ్," అన్నారు. నేను నవ్వలేదు. ఈ మాట అనే రైతు ఆయనొక్కరే కాదు.

నా దృష్టి వేరే చోట పడింది. రొయ్య మార్చాక ఆయన బీపీ తగ్గకపోగా పెరిగింది. సాయంత్రానికి చీలమండలు వాచేవి. ఒకసారి 24 గంటల మూత్రం పట్టించి సోడియం చూస్తే, రోజుకు పది గ్రాములు దాటి ఉప్పు లోపలికి పోతోందని తేలింది. కిడ్నీ రోగికి చెప్పే పరిమితి సోడియం 2 గ్రాముల లోపు, అంటే ఉప్పులో చెబితే 5 గ్రాములు. ఇంట్లో కూరల్లో ఉప్పు తగ్గించామని భార్య గట్టిగా చెప్పారు, ఆవిడ మాట నిజమే. మరి మిగతా ఉప్పు ఎటు నుంచి వస్తోంది?

ఆయన తింటున్న "సముద్రం రొయ్య"

వారం రోజులు తిన్నదంతా రాసి తెమ్మన్నాను. పుస్తకం భార్య రాశారు, చక్కగా. అందులో రొయ్య నాలుగు రూపాల్లో కనబడింది. ఒకటి, ఇంటికి తెచ్చి ఇచ్చే మనిషి దగ్గర కొనే వలిచిన రొయ్య. రెండు, హైదరాబాద్‌లో కొడుకు ఇంటికి వెళ్లినప్పుడు కోడలు వండే ఫ్రోజెన్ ప్యాకెట్. మూడు, నరసాపురం వైపు నుంచి తెప్పించుకునే ఎండు రొయ్యలు, రొయ్యపొట్టు. ఇవైతే ఖాయంగా సముద్రానివేనని ఆయన ధీమా. నాలుగు, రొయ్యల పచ్చడి, దాదాపు ప్రతి పూటా అన్నంలో మొదటి ముద్దకి.

పుస్తకంలో తేదీలు మే నెలవి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో తెడ్డు పడవల మీద దొరికే కాస్త సరుకు తప్ప ట్రాలర్ల తాజా రొయ్య రాదు. మరి వారానికి రెండుసార్లు ఈ వలిచిన సముద్రం రొయ్య ఎక్కడిదని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "తల, పొట్టు ఉంటే నా కళ్లకి తెలిసిపోద్దండి. వలిచేశాక చెరువు వనామీ అయినా ఒకటే, ఏదైనా ఒకటే," అన్నారు. అది ఏ రొయ్యో తేల్చడానికి నా దగ్గర సాధనం లేదు, తేల్చనూ లేదు. కానీ సముద్రం పేరుతో ఎక్కువ డబ్బు పెట్టి, ఎక్కడిదో తెలియని సరుకు తింటున్నారన్నది ఆయనకే అర్థమైంది.

రెండు రొయ్యలకీ తేడా ఎంత?

పోలికలోనే ఒక చిక్కుంది. మన చెరువుల్లో ఇప్పుడు పెంచేది ఎక్కువగా వనామీ. దాని పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. 1994-95లో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యల చెరువులను తుడిచిపెట్టాక చాలా ఏళ్లు ఈ ప్రాంతం కుదేలైంది. 2009లో వనామీ పెంపకానికి అనుమతి వచ్చాక మళ్లీ చెరువులు నిండాయి. బంగాళాఖాతం వలలో పడేవి టైగర్, తెల్ల రొయ్య, చిన్న రకాలు. కాబట్టి మనవాళ్లు సముద్రం రొయ్యని, చెరువు రొయ్యని పోల్చినప్పుడల్లా రెండు నీళ్లతోపాటు రెండు జాతులనూ పోలుస్తున్నారు. టైగర్ రుచి వనామీకి లేదంటే ఆ తప్పంతా చెరువుదే కాదు.

ప్రొటీన్ సంగతి తొందరగా చెప్పేయొచ్చు. పొట్టు తీసిన పచ్చి రొయ్య ఏదైనా 100 గ్రాములకు 20 గ్రాములకు అటూఇటూ ప్రొటీన్ ఇస్తుంది. బి12, సెలీనియం రెండింట్లోనూ బాగానే ఉంటాయి. కొలెస్ట్రాల్ 150 నుంచి 200 మి.గ్రా. మధ్య. రొయ్య తన కొలెస్ట్రాల్ తాను తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. సముద్రంలో చిన్న జీవులను తిని తెచ్చుకుంటుంది. చెరువులో మేతలోంచి వస్తుంది, చాలకపోతే మేత కంపెనీలు విడిగా కలుపుతాయి. అందుకే సముద్రానిదైతే కొలెస్ట్రాల్ ఉండదన్న మాటలో పసలేదు.

నిజమైన తేడా కొవ్వు రకంలో ఉంది. సముద్రపు రొయ్య తినే తిండి గొలుసు మొదట్లో నాచు ఉంటుంది, ఒమేగా-3 కొవ్వులైన ఇపిఎ, డిహెచ్‌ఎ అక్కడి నుంచే పైకి వస్తాయి. మేతలో చేపపొడి, చేపనూనె తగ్గి సోయా పెరిగేకొద్దీ రొయ్య కండలో లినోలిక్ ఆమ్లం అనే ఒమేగా-6 కొవ్వు పెరిగి ఒమేగా-3 వాటా తగ్గుతుంది. ఈ విషయంలో సముద్రానిదే పైచేయి. కానీ రొయ్యలో మొత్తం కొవ్వే 100 గ్రాములకు ఒక గ్రాము దరిదాపుల్లో. అందులో వాటా ఎంత మారినా మనకందేది కొన్ని పదుల నుంచి కొన్ని వందల మిల్లీగ్రాములు. ఒమేగా-3 కోసమే అయితే కవళ్లు, కానాగంతలు లాంటి చేపలు అంతకు ఎన్నో రెట్లు ఇస్తాయి, ధర కూడా తక్కువ. ఇది చెబితే ఆయన ముఖం చిట్లించారు. ఆయనకి కవళ్లు అంటే పేదవాడి చేప.

తర్వాత ఆయన అడిగింది మంచి ప్రశ్న: "సముద్రం రొయ్యలో ఉప్పు ఎక్కువ కదండీ?" కాదు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా లవణాలుంటాయి, మన బోరునీళ్ల చెరువుల్లో అంతకన్నా చాలా తక్కువ. అయినా రొయ్య తన రక్తంలో ఉప్పును తానే అదుపు చేసుకుంటుంది. ఉప్పటి నీళ్లలో నీటికన్నా తక్కువగా, చప్పటి నీళ్లలో నీటికన్నా ఎక్కువగా నిలుపుకుంటుంది. నీళ్ల ఉప్పదనం కండలోని సోడియంలో పెద్దగా కనబడదు. అది కనబడేది రుచిలో. నీళ్ల ఉప్పదనానికి తట్టుకోవడానికి రొయ్య తన కణాల్లో గ్లైసిన్, అలనిన్, ప్రోలిన్ లాంటి అమైనో ఆమ్లాలను విడిగా నింపుకుంటుంది. ఇవి నాలుకకి తియ్యగా తగులుతాయి. నాచు, ఇసుక పురుగుల నుంచి వచ్చే బ్రోమోఫినాల్స్ సముద్రపు వాసన ఇస్తాయి, పెల్లెట్ మేతలో అవి దాదాపు ఉండవు. చప్పటి నీటి చెరువులో నీలి-ఆకుపచ్చ నాచు పెరిగితే మట్టి వాసన కూడా తోడవుతుంది. కాబట్టి రుచి విషయంలో ఆయన ఫిర్యాదు న్యాయమే. రుచి బాగుంటే బలం ఎక్కువ అనుకోవడం దగ్గరే దారి తప్పారు.

రంగు కూడా అంతే. వండితే ఎర్రబడేది అస్టాక్సాంథిన్ వల్ల. పచ్చి రొయ్యలో అది ఒక ప్రొటీన్‌కి అతుక్కుని నీలంగా, బూడిదగా ఉంటుంది. వేడికి ఆ ప్రొటీన్ విడిపోతే ఎరుపు బయటపడుతుంది. ఇదీ నాచు నుంచో మేత నుంచో రావలసిందే. ముదురు ఎరుపు చూసి సముద్రానిదని మోజుపడేవాళ్లు ఆ రంగులో చాలా భాగం ఉండే తల, పొట్టు తీసి పారేస్తారు.

రెండు చిప్పల గుల్లలకు, ఆల్చిప్పలకు ఈ గొడవే తక్కువ. వాటికి ఎవరూ మేత వేయరు. తాళ్లకు వేలాడదీసి పెంచినా, రాళ్ల మీద సహజంగా పెరిగినా ఆ నీటిలో తేలేదే వడగట్టి తింటాయి. కాబట్టి ఎవరు పెంచారన్న దానికంటే ఏ నీళ్లలో, ఏ రుతువులో తీశారన్నదే వాటి పోషకాలను మారుస్తుంది. వాటికి కొలెస్ట్రాల్ ఎక్కువన్న పాత చెడ్డపేరు కూడా సగం అన్యాయమే. రంగు మార్పు చూసి లెక్కగట్టే పాత పరీక్షల్లో నాచు నుంచి వచ్చిన, కొలెస్ట్రాల్‌ని పోలిన వేరే స్టెరాల్స్ కూడా కొలెస్ట్రాల్ లెక్కలో కలిసిపోయేవి.

ప్యాకెట్ దగ్గర అసలు లెక్క

కోడలు వండే ఫ్రోజెన్ ప్యాకెట్ ఫొటో పంపమన్నాను. ముందువైపు సముద్రం బొమ్మ. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉప్పు, ఐఎన్‌ఎస్ 451, 452. ఐఎన్‌ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాల నంబరు, ఈ రెండు నంబర్లు ఫాస్ఫేట్లవి. కరిగినప్పుడు నీరు కారిపోకుండా, బరువు తగ్గకుండా, కండ నిగనిగలాడేలా ఉండటానికి రొయ్యను ఈ ద్రావణంలో నానబెడతారు. అనుమతి ఉన్న పనే, చాలా దేశాల్లో చేస్తారు. ఆరోగ్యవంతుడికి ఇది పెద్ద విషయం కాదు. కిడ్నీ రోగికి మాత్రం అసలు విషయమే ఇది, ఎక్కువైన సోడియంని, ఫాస్ఫరస్‌ని బయటకు పంపాల్సింది కిడ్నీయే.

అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికలో పచ్చి రొయ్యకు రెండు పద్దులున్నాయి, ఒకటి ఏమీ కలపనిది, రెండోది నీరు పట్టి ఉంచే పదార్థాలు కలిసి ఉండొచ్చని రాసినది. మొదటిదాంట్లో 100 గ్రాములకు ప్రొటీన్ 20.1 గ్రాములు, సోడియం 119 మి.గ్రా., ఫాస్ఫరస్ 214 మి.గ్రా. రెండోదాంట్లో ప్రొటీన్ 13.6 గ్రాములకు పడిపోయి, సోడియం 566కి, ఫాస్ఫరస్ 244కి ఎక్కుతాయి. పడిపోయిన ప్రొటీన్ స్థానంలో ఉన్నది నీళ్లు. ఒక గ్రాము ప్రొటీన్‌కి ఫాస్ఫరస్ ఎంతో లెక్కేస్తే కలపనిదాంట్లో 10.6 మి.గ్రా., కలిపినదాంట్లో 18 మి.గ్రా. దాకా. పైగా మాంసంలో సహజంగా ఉన్న ఫాస్ఫరస్‌లో సుమారు సగమే ఒంటికి పడుతుంది, విడిగా కలిపిన ఫాస్ఫేట్ దాదాపు అంతా పడుతుంది.

20 గ్రాముల ప్రొటీన్ కోసం ఈయన నానబెట్టిన రొయ్య తింటే దాదాపు 150 గ్రాములు తినాలి, అందులో సోడియం 800 మి.గ్రా. పైన. రోజు పరిమితిలో ఐదింట రెండు వంతులు, కూరలో ఇంకా ఉప్పు వేయకముందే. ఈ రెండు పద్దుల మధ్య తేడా ముందు చెరువుకీ సముద్రానికీ ఉన్న తేడాలు చిన్నబోతాయి.

సముద్రానిదైనంత మాత్రాన ఏమీ కలపలేదని కూడా అనుకోనక్కర్లేదు. తల దగ్గర నల్లబడకుండా సోడియం మెటాబైసల్ఫైట్ వాడటం ఉంది, రోజుల తరబడి సముద్రంలో ఉండే పడవల మీద కూడా. లేబుల్ ఉంటే ఐఎన్‌ఎస్ 223 అని కనబడుతుంది. ఆయాసం ఉన్న కొందరికి అది పడదు. మన రోగికి ఆ బాధ లేదు.

ఎండు రొయ్య, పచ్చడి

పచ్చి రొయ్యలో 78 శాతం నీళ్లే. ఎండబెడితే మిగిలినదంతా నాలుగు రెట్ల దాకా చిక్కబడుతుంది. ఉప్పు చల్లకుండా ఎండబెట్టినా, పై అంకెల ప్రకారం 100 గ్రాములకు సోడియం 450 మి.గ్రా. దగ్గరకు, కొలెస్ట్రాల్ 600 దగ్గరకు చేరుతుందని నా లెక్క. ఈయన తెప్పించుకునేది ఉప్పు పట్టించి ఎండబెట్టిన సరుకు, నాలుక మీద పెడితేనే తెలుస్తుంది. రొయ్యపొట్టును పొట్టుతో సహా తింటాం కాబట్టి కాల్షియం బాగా ఎక్కువ. ఎదిగే పిల్లలున్న ఇంట్లో అది మేలే. ఈయన ఎముకల కన్నా ఈయన కిడ్నీలే నాకు ముందు. పొట్టుతోపాటు ఫాస్ఫరస్ కూడా వస్తుంది.

పచ్చడి గురించి చెప్పడానికి లెక్కలు అక్కర్లేదు. నూనె, ఉప్పు, కారంలో నిలవ ఉండేలా చేసినదాంట్లో రొయ్య సముద్రానిదా చెరువుదా అని అడగడమే దండగ.

ఏం మార్చాం

సొంత చెరువు రొయ్యే తినమన్నాను. ముందు ఆయనకి నమ్మబుద్ధి కాలేదు. యాంటీబయాటిక్స్ భయం ఊరికే పుట్టలేదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు మన దేశంలో రొయ్యల సాగులో నిషేధం, ఎగుమతి సరుకులో వాటి అవశేషాలు దొరికి తిప్పి పంపిన సందర్భాలున్నాయి. 2016లో యూరప్ మన సరుకు మీద తనిఖీని 10 నుంచి 50 శాతానికి పెంచింది. ఈ అవశేషాలను కంటితో చూసి, నాలుకతో రుచి చూసి పట్టుకోలేం. కానీ ఈయన చెరువులో ఈ పంటకు ఏమేం పోశారో ఈయనకు తెలుసు: సున్నం, మినరల్స్, ప్రోబయాటిక్. ఎవరి దగ్గరో కొన్న వలిచిన రొయ్య గురించి అంత సమాచారం ప్రపంచంలో ఎవరూ ఇవ్వలేరు. ఆ మాట దగ్గర ఆయన మెత్తబడ్డారు.

కిడ్నీ జబ్బు ఈ దశలో రోజుకు కిలో బరువుకు 0.8 గ్రాముల ప్రొటీన్ అంటే ఈయనకు 56 గ్రాములు. అన్నం, పప్పు, పెరుగు తీసేసుకున్నాక మాంసాహారానికి మిగిలే వాటా పెద్దదేమీ కాదు. వలిచాక 100 గ్రాముల రొయ్య, వారానికి రెండుసార్లు, ఆ రోజు వేరే మాంసం, చేప లేకుండా. తల, పొట్టు పోతే దాదాపు సగం బరువే మిగులుతుంది కాబట్టి ఆయన వాటాకు రెండు వందల గ్రాముల పచ్చి సరుకు తీసుకోవాలి. పట్టుబడి రోజున ఐసులో పెట్టి తెచ్చి, శుభ్రం చేసి, పూటకు సరిపడా చిన్న పొట్లాలుగా ఫ్రీజర్‌లో పెట్టమన్నాను. కడిగేటప్పుడు ఉప్పు, పసుపు పట్టించి నానబెట్టే అలవాటులో ఉప్పు తీసేసి పసుపు, నిమ్మరసం ఉంచాం. కూర విషయంలో భార్య నాకన్నా ముందున్నారు. చింతచిగురు ఉంటే ఉప్పు తక్కువైనా తెలియదని ఆవిడే చెప్పి, రొయ్యల ఇగురు పులుపు మీద నడిపించారు. ఆకుల్లో పొటాషియం ఉంటుంది, అయినా ఈయన రక్తంలో అది మామూలుగా ఉంది కాబట్టి చిగురుకి నేను అడ్డు చెప్పలేదు. జబ్బు ముదిరిన రోగికైతే ఈ మాట చెప్పను.

వేపుడు మానమన్నాను. అది రొయ్య కొలెస్ట్రాల్ భయంతో కాదు, పామాయిల్ వల్ల. 1996లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో ఆరోగ్యవంతులకు రోజూ 300 గ్రాముల ఆవిరి మీద ఉడికించిన రొయ్యలు పెట్టి చూశారు. ఎల్‌డిఎల్ 7 శాతం పెరిగింది, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డిఎల్ 12 శాతం పెరిగింది, ట్రైగ్లిజరైడ్లు 13 శాతం తగ్గాయి. వాళ్లు నూనెలో వేయించలేదు, వాళ్లకు ఈయనలా ఎల్‌డిఎల్ ఎక్కువా లేదు. అందుకని ఆ ఫలితాన్ని ఈయనకు యథాతథంగా అంటగట్టను. వారానికి రెండు వందల గ్రాములకు మాత్రం స్టాటిన్ వేసుకుంటున్న మనిషికి రొయ్య మాన్పించే అవసరం నాకు కనబడలేదు.

ఎండు రొయ్యలు నెలకు ఒకటి రెండుసార్లు, వేడినీళ్లలో రెండుసార్లు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, కూరలో వేరే ఉప్పు లేకుండా. పచ్చడి పూర్తిగా మానలేదు. మానేశానని నాతో చెప్పారు, భార్య తల అడ్డంగా ఊపారు. హైదరాబాద్‌లో కోడలికి మాత్రం పని తేలికైంది. లేబుల్ మీద రొయ్య తప్ప వేరే పదార్థం లేని ప్యాకెట్ వెతుక్కుంటున్నారు, ధర కొంచెం ఎక్కువే. లేబుల్ లేని చోట ఒక గుర్తు చెప్పాను: ఫాస్ఫేట్ బాగా పట్టిన రొయ్య వేళ్లకు సబ్బులా జారుతుంది, ఉడికాక కూడా కండ గాజులా మెరుస్తూ ఉంటుంది, బాణలిలో నీళ్లు ఎక్కువ వదులుతుంది.

తర్వాత

మూడు నెలల తర్వాత మళ్లీ పట్టిన 24 గంటల మూత్రంలో ఉప్పు ఏడు గ్రాముల దగ్గరికి దిగింది. ఐదు ఇంకా దూరమే. బీపీ తగ్గింది, చీలమండల వాపు పోయింది. అయితే ఈ మధ్యలో నెఫ్రాలజిస్టు మాత్ర కూడా మార్చారు కాబట్టి ఆ ఘనతంతా ఆహారానిదని చెప్పలేను. ఎల్‌డిఎల్ తగ్గడం స్టాటిన్ పని. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఉన్నచోటే ఉంది, ఈ జబ్బులో అది మంచి కబురే.

రైతుగా ఆయన అడిగిన ఒక మాట కూడా ఇక్కడ రాసుకోవాలి. పట్టుబడికి కొన్ని వారాల ముందు చేపనూనె ఎక్కువున్న మేత వేస్తే తన రొయ్యలో ఒమేగా-3 పెరుగుతుందా అని. పెరుగుతుంది, రొయ్య కొవ్వు మేతను బట్టి మారుతుంది. కానీ కొనేవాడు కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూసి ధర కడతాడు, కొవ్వు చూసి కట్టడు. ఆ ఖర్చు ఆయనకు తిరిగి రాదు. ఇంటి వాడకానికి ఒక చిన్న చెరువులో వేసి చూస్తానంటున్నారు. నేను మళ్లీ కవళ్ల మాట ఎత్తాను.

చివరిసారి వచ్చినప్పుడు మండపీత తినొచ్చా అని అడిగారు. కండ తినొచ్చు, రొయ్య బదులుగా, ఆ వారం వాటాలోనే. డొప్పలోని పసుపుపచ్చ ముద్ద మాత్రం వద్దన్నాను. దాన్ని కొవ్వంటారు గానీ అది పీతకు కాలేయం పని చేసే గ్రంథి, నీళ్లలో కాడ్మియం ఉంటే చేరేది అక్కడే, కాడ్మియం దెబ్బతీసేది కిడ్నీనే. పీత మడ అడవిలో పట్టినదా, చెరువులో కట్టి పెంచినదా అన్న తేడా ఇక్కడ లేదు. రుచంతా అందులోనే ఉంటుందని ఆయన బతిమాలారు. ఆ ముద్ద మనవలకు పెడతామన్నారు, వాళ్లకీ ఎప్పుడో ఒకసారి తప్ప వద్దన్నాను.